అన్ని మెట్లకూ ఒకే టేపు

కత్తెరక్క ఎవరినీ నమ్మదు. ఇది ఆమె మీద చాడీ కాదు, ఆమె స్వయంగా గొప్పగా చెప్పుకునే మాటే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు "ఈ గుడ్డ తడిపితే ముడుచుకోదండీ, కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు" అంటే, కళ్ళజోడు పైనుంచి వాళ్ళను ఓ చూపు చూసి, "రేపు ఈ గౌను కొట్టువాడు వేసుకుంటాడా?" అని, దాన్ని వాళ్ళ కళ్ళ ముందే బకెట్లో ముంచేది. అంచు నుంచి ఓ దారం పీకి, అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూసి, "నూలు అన్నాడా? సగం నైలాను" అని తేల్చేసేది. ఇంట్లోనూ ఇదే తంతు. భర్త బేకరీలో పనిచేస్తాడు. పాతికేళ్ళుగా రోజూ ఇంటికి రొట్టె తెస్తున్నాడు, ఆమె రోజూ దాన్ని బొటనవేలితో నొక్కి ఇవాళ్టిదా నిన్నటిదా అని చూస్తూనే ఉంది. ఆ మహానుభావుడు ఒక్కనాడూ నొచ్చుకోలేదు. ఎందుకు నొచ్చుకోడా అని ఆమెకు దాని మీదా అనుమానమే.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమె యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. చేరిన రోజు సూపర్‌వైజరు ఓ తెల్లకాగితం ముందు పెట్టి, "రిజిస్టరు కోసమమ్మా, కింద సంతకం పెట్టు" అన్నాడు. పెట్టింది. మూడేళ్ళ తర్వాత ఓ రోజు, ఎక్కువ గంటలు ఎందుకు పని చేయిస్తున్నారని నలుగురిలో నిలదీసింది. మర్నాటికల్లా ఆ కాగితం మీద "నా ఇష్టంతోనే పని మానుకుంటున్నాను" అని రాత ప్రత్యక్షమైంది. కింద సంతకం నిజంగా ఆమెదే. ఎవరికి చెప్పుకుంటుంది? ఆ రోజు నుంచి ఏ కాగితమైనా మూడుసార్లు చదవనిదే కలం పట్టదు. మీటరు చూసేవాడు చీటీ చింపి ఇచ్చినా, అతన్ని గుమ్మంలో నిలబెట్టి చదువుతుంది.

ఆ తర్వాత సొంతంగా కొట్టు పెట్టుకుంది. ఒకే గది, పొడవాటి బల్ల, రెండు మిషన్లు, గోడ నిండా కొక్కేలు. తనకంటే పన్నెండేళ్ళు చిన్నదైన చెల్లెల్ని తెచ్చుకుని పని నేర్పింది. కత్తిరించడం అక్క వంతు, కుట్టడం చెల్లెలి వంతు. అక్క కత్తెరను ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. టేపును ముట్టుకోవడానికి అసలే వీల్లేదు. అది ఫ్యాక్టరీ నుంచి బయటపడ్డ వారంలో కొన్న గుడ్డ టేపు. రంగు వెలిసిపోయి, అంచులు నునుపెక్కి, ఆమె మెడలోనే ఉండేది. "మనుషులు మాట మారుస్తారు, ఇది మార్చదు" అనేది. లోకంలో ఆమె కళ్ళు మూసుకుని నమ్మినది ఏదైనా ఉందంటే ఆ టేపు ఒక్కటే.

పడిపోయిన రోజు కూడా అది మెడలోనే ఉంది. లైనింగ్ గుడ్డ కొనడానికి బజారులోని మూడంతస్తుల కాంప్లెక్సుకు వెళ్ళింది. బేరమాడి, మూట కట్టించుకుని, వెనకవైపు మెట్ల మీదుగా దిగుతోంది. చివరి వరసలో మూడు మెట్లు దిగి నాలుగో దాని కోసం కాలు చాపింది. ఉండాల్సిన చోట మెట్టు లేదు. ఇంకాస్త కిందెక్కడో ఉంది. మూట ఒకవైపు, ఆమె ఒకవైపు. మిగిలిన మెట్లన్నీ దొర్లి కింద ఆగేసరికి కుడిచెయ్యి ఒంటి కింద నలిగిపోయి ఉంది.

రెండో రోజు ఆస్పత్రికి కాంప్లెక్సు మేనేజరు పళ్ళబుట్టతో వచ్చాడు. "ఓనరుగారు చాలా బాధపడ్డారమ్మా. ఇక్కడో చిన్న సంతకం పెట్టారంటే ఆస్పత్రి సంగతంతా మేమే చూసుకుంటాం" అన్నాడు. ఆమె కాగితాన్ని ఎడంచేత్తో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మేనేజరు నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. మూడోసారి చదివేటప్పుడు ఆమె వేలు ఒక వాక్యం దగ్గర ఆగింది: "నా అజాగ్రత్త వల్లనే పడిపోయాను."

"పళ్ళు కూడా తీసుకెళ్ళండి" అంది. "వాటిలో ఏం రాసి పెట్టారో నాకు తెలీదు."

మర్నాడే, చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతుండగా, చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆ మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఏం చేస్తున్నారని వాచ్‌మన్ అడిగితే చెవికమ్మ పడిపోయింది వెతుకుతున్నాం అంది. ఎడంచేత్తో టేపు పట్టుకుని పదకొండు మెట్ల ఎత్తూ కొలిచింది. టేపు కింది కొస చెల్లెలు పట్టుకుని, అంకెలన్నీ కొలతల పుస్తకంలో రాసింది. పై పేజీలో ఎవరిదో నడుము, భుజం. కింది పేజీలో మెట్లు. పది మెట్లు ఏడేసి అంగుళాలు. నాలుగోది ఎనిమిదీ పావు. చెల్లెలు ఫోనుతో ఫోటోలు కూడా తీసింది కానీ, ఫోటోలో చూస్తే మెట్లన్నీ కవల పిల్లల్లా ఒక్కలాగే ఉన్నాయి.

"కంటికి కనబడదు. కాలికే తెలుస్తుంది" అంది కత్తెరక్క.

అలా కొలిచి పెట్టుకోవడం ఎంత మంచిదయిందో రెండు వారాలకు తెలిసింది. ఓనరు ఆ మెట్లను పగలగొట్టించి, నున్నటి రాయితో కొత్తవి కట్టించేశాడు. ఇప్పుడు ఎవరు వచ్చి కొలిచినా అన్నీ ఒక్కటే ఎత్తు. పాత మెట్లు ఎలా ఉండేవో చెప్పడానికి లోకంలో మిగిలింది ఆ పుస్తకంలోని ఒక పేజీ మాత్రమే.

కట్టు విప్పాక డాక్టరు మొహం చిట్లించాడు. ఎముక వంకరగా అతికిందట. మళ్ళీ ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేస్తే పట్టు వస్తుంది. "ఏడాది దాటనివ్వకండి. ఆ తర్వాత వేళ్ళు బిగుసుకుపోతాయి, అప్పుడు నేనేం చేసినా మీరు కత్తెర పట్టలేరు" అన్నాడు. ఆ ఆపరేషన్ బేకరీ జీతంతోనో, ఒంటి మిషను సంపాదనతోనో అయ్యేది కాదు. నష్టపరిహారం వస్తేనే చెయ్యి. చెయ్యి ఉంటేనే కత్తెర. కత్తెర లేకపోతే ఆమెను ఏమని పిలవాలో ఆమెకే తెలియదు.

లాయర్ని పెట్టుకుంది. మంచివాడే, కేసు త్వరగా విచారణకు వచ్చేట్టు చూశాడు కూడా. కానీ ఓ మధ్యాహ్నం కోర్టు క్యాంటీన్లో అతను ఓనరు తరఫు లాయరుతో కలిసి టీ తాగుతూ పగలబడి నవ్వుతుండగా ఆమె కళ్ళబడ్డాడు. ఏ ఊరి కోర్టులోనైనా లాయర్లు కొట్టుకున్నట్టు వాదించుకుని, బయటికొచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అది వాళ్ళ బతుకుదెరువు పద్ధతి. ఇది ఆమెకు ఎవరు చెప్పాలి, చెప్పినా ఎలా నమ్మాలి? మర్నాడే కాగితాలన్నీ వెనక్కి తీసేసుకుంది.

"నా కేసు నేనే చెప్పుకుంటాను" అంది ఇంటికొచ్చి.

భర్త రొట్టె కోస్తూ ఆగాడు. "నువ్వు చెప్పుకోగలవు. అవతలివాళ్ళని చెప్పనిస్తావా అనేదే నా భయం" అన్నాడు.

సొంతంగా వాదించుకోవడమంటే ఏమిటో వారంలోనే తెలిసొచ్చింది. ఆమె ఎడంచేత్తో కోడికెలుకుడు రాతలో రాసిచ్చిన అర్జీని కోర్టు ఆఫీసు మూడుసార్లు తిప్పి పంపింది. ఒకసారి ప్రతులు చాలవని, ఒకసారి పేజీలకు నంబర్లు లేవని, ఒకసారి పక్కన జాగా వదల్లేదని. "గుడ్డకు కుట్టు కోసం జాగా వదిలినట్టే, కాగితానికి ఫైలు కుట్టడానికి వదలాలమ్మా" అని గుమస్తా ఓపిగ్గా చెప్పాడు. ఇంత ఓపిక ఎందుకబ్బా అని ఆమె అతన్నీ ఎగాదిగా చూసింది. పని లేని రోజుల్లో వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని ఇతరుల కేసులు వినేది. ఎవరు ఎప్పుడు లేస్తారు, సాక్షిని ఏమని అడుగుతారు, జడ్జిగారు ఎక్కడ విసుక్కుంటారు, అన్నీ కళ్ళతోనే కొలుచుకుంది.

జడ్జిగారు ఆమె వయసావిడే. మొదటి రోజే, "చూడమ్మా, లాయరు లేకుండా కష్టం. స్తోమత లేకపోతే కోర్టే ఉచితంగా ఒకరిని ఇస్తుంది" అన్నారు.

"కోర్టు ఇచ్చే లాయరు కోర్టు మాటే వింటాడు కదండీ" అంది కత్తెరక్క.

జడ్జిగారు పెదవులు బిగబట్టి ఫైల్లోకి చూశారు. నవ్వాపుకుంటున్నారని గుమస్తాకు తెలిసింది. కోపమొచ్చిందని కత్తెరక్క అనుకుంది.

ఈలోగా కొట్లో కత్తిరించే పని చెల్లెలి మీద పడింది. తప్పనిసరై అక్క తన టేపునీ కత్తెరనూ పగటిపూట బల్ల మీద పెట్టేది, సాయంత్రం తీసేసుకునేది. చెల్లెలు తనకంటూ ఓ కొత్త టేపు కొనుక్కుంది. నెల తిరగకుండానే మూడు గౌన్లు వదులుగా ఉన్నాయని వెనక్కొచ్చాయి.

"అక్కా, నీ టేపు సాగిపోయిందే" అంది చెల్లెలు. "నా కొత్తదాని పక్కన పెట్టి చూడు, నీకే తెలుస్తుంది."

"ఇవాళ టేపు సాగిందంటావు. రేపు అక్క ముసలిదైపోయిందంటావు. ఎల్లుండి బోర్డు మీద పేరు మార్చేస్తావు, అంతేగా?"

చెల్లెలు కొత్త టేపును చుట్టి సొరుగులో పడేసింది. పక్కన పెట్టి చూస్తే ఒక్క నిమిషం పట్టేది. కత్తెరక్క చూడలేదు. లోకంలో ఉన్న గుడ్డలన్నిటినీ తడిపి చూసిన మనిషి, సొంత టేపును మాత్రం చూడలేదు.

ఆ అనుమానం మీద ఇంకోటి. ఓ వాయిదా రోజు వరండాలో చెల్లెలు ఓనరు తరఫు లాయరుతో మాట్లాడుతూ కనిపించింది. ఆయన నల్లకోటు బొత్తం ఊడి వేలాడుతుంటే, సంచిలోంచి సూదీ దారం తీసి, ఆయన కోటు వేసుకునుండగానే నాలుగు పోట్లు వేసి కుట్టేసింది. కుట్టుపని చేసేవాళ్ళ చేతి దురద అది, ఊడిన బొత్తం చూస్తే ఆగలేరు. కత్తెరక్కకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంటిదాకా బస్సులో కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. సాక్షుల పట్టికలో చెల్లెలి పేరు రాయాల్సి ఉంది. రాయలేదు.

విచారణ రోజు మొదట వాచ్‌మన్ బోనెక్కాడు. ఈవిడ ఫోన్లో మాట్లాడుకుంటూ, మొహానికి మూట అడ్డం పెట్టుకుని దిగిందని చెప్పాడు. పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు ఒక్క గుక్కలో చెప్పేశాడు. కత్తెరక్క లేచింది.

"ఏం బాబూ, మూట ఎలా పట్టుకున్నాను?"

"రెండు చేతులతో వాటేసుకుని పట్టుకున్నారండి."

"సరిగ్గా చూశావా?"

"ఈ కళ్ళతోనే చూశానండి."

"మరి ఫోను?"

"చెవి దగ్గరండి."

"మూడో చేత్తోనా?"

కోర్టు గొల్లుమంది. వాచ్‌మన్ నీళ్ళు నమిలాడు. ఫోను సంగతి అంతటితో గాల్లో కలిసింది. కానీ మొహానికి మూట అడ్డం అన్న మాట మీద ఆమె ఏమీ అడగలేదు. ఎందుకంటే అది నిజమే. జడ్జిగారు ఆమె అడగకపోవడాన్ని కూడా రాసుకున్నారు.

తర్వాత ఆమె వంతు. బోనెక్కి, కొలతల పుస్తకం తెరిచి చూపించి, మెడలోంచి టేపు తీసి దండలా ఎత్తి పట్టుకుంది. "పాతికేళ్ళుగా దీంతోనే కొలుస్తున్నాను. ఇది మాట మార్చదు" అంది.

ఓనరు తరఫు లాయరు పెద్దాయన. గొంతు పెంచే రకం కాదు. నెమ్మదిగా లేచి, "మా నాన్నగారిది బట్టల కొట్టండి. గుడ్డ టేపులతోనే ఆడుకుంటూ పెరిగాను" అంటూ కోటు జేబులోంచి స్టీలు టేపు తీశాడు. గుమస్తా ఒక కొస పట్టుకున్నాడు. రెండు టేపులూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. గుడ్డ టేపు మీద అరవై ఉన్నచోట స్టీలు టేపు అరవై ఒకటిన్నర చూపించింది.

కత్తెరక్క బోను కర్రను ఎడంచేత్తో గట్టిగా పట్టుకుంది.

"ఈ టేపు అబద్ధం చెబుతోంది మేడమ్" అన్నాడు పెద్దాయన. "దీని ఏడు ఏడు కాదు, దీని ఎనిమిది ఎనిమిది కాదు. పాత మెట్లు ఇప్పుడు లేవు. ఉన్నదల్లా ఈ పేజీ. ఈ పేజీని రాసిందేమో ఈ టేపు. ఇంకోటి కూడా అడగాలి. అప్పటికి ఈవిడ కుడిచెయ్యి విరిగి ఉంది. మరి ఇంత గుండ్రటి అంకెలు ఎవరు వేశారు?"

"మా చెల్లెలు" అంది ఆమె.

"ఆమెను సాక్షిగా ఎందుకు చూపించలేదమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

దానికి ఆమె దగ్గర ఉన్న జవాబు పైకి చెప్పుకునేది కాదు. జడ్జిగారు చెల్లెలు ఎక్కడుందని అడిగి, వరండా బెంచీ మీద ఉందని తెలిసి పిలిపించారు. అక్క దిగుతుంటే చెల్లెలు ఎక్కింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వీళ్ళకు టేపు సంగతి చెప్పింది ఇదే, బొత్తం కుట్టిన నాడే చెప్పి ఉంటుంది అని కత్తెరక్క లోపల ఉడికిపోతోంది. తన చెయ్యి ఇక రాదన్న దుఃఖం కంటే ఆ కోపమే ఆమెను నిలబెట్టింది.

"ఈ టేపు తప్పని నీకు తెలుసా అమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"తెలుసండి."

"మీ అక్కకు చెప్పావా?"

"చెప్పానండి. అక్క నమ్మలేదు."

పెద్దాయనకు అక్కడ కూర్చోవాలనిపించి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ గెలుస్తున్నప్పుడు ఇంకొక్క ప్రశ్న అడగాలనిపిస్తుంది ఎవరికైనా. "నీకెలా తెలిసింది?" అన్నాడు.

"మూడు గౌన్లు వెనక్కొచ్చాయండి. కొత్త టేపుతో మనిషిని కొలిచి, అక్క టేపుతో గుడ్డను కొలిచి కత్తిరించాను. మూడూ వదులైపోయాయి."

పెద్దాయన తృప్తిగా కూర్చున్నాడు. ఏమైనా అడుగుతారా అని జడ్జిగారు కత్తెరక్క వైపు చూశారు.

ఆమె లేచింది. 'ఎంతకు అమ్ముడుపోయావే?' అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. నోరు తెరిచింది కూడా. అంతలో చెల్లెలు చెప్పిన మూడు గౌన్ల దగ్గర ఆమె బుర్ర ఆగిపోయింది. మూడే ఎందుకు? టేపు సాగింది నిన్నా మొన్నా కాదు. మరి అంతకుముందు తను కత్తిరించినవన్నీ ఎందుకు వెనక్కి రాలేదు? కత్తిరింపులో లెక్క తేడా వస్తే ఆమె బుర్ర ఊరుకోదు, కోపంలో ఉన్నా ఊరుకోదు.

"మనిషినీ నా టేపుతోనే కొలిచి, గుడ్డనూ నా టేపుతోనే కొలిస్తే?" అంది, నెమ్మదిగా.

"ఒక్కటీ వెనక్కి రాలేదు" అంది చెల్లెలు. "ఇన్నేళ్ళలో ఒక్కటీ రాలేదు."

"ఎందుకని?"

చెల్లెలు తలెత్తింది. అక్క ఏం అడుగుతోందో దానికి అప్పటికే అర్థమైపోయింది. "రెండింటికీ ఒకే తేడా కాబట్టి."

"మెట్లు ఏ టేపుతో కొలిచాం?"

"నీ టేపుతోనే. పదకొండూ దాంతోనే. కింది కొస నేనే పట్టుకున్నాను."

కత్తెరక్క జడ్జిగారి వైపు తిరిగింది. ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్న వాదన ఒక్క ముక్క గుర్తురాలేదు. "నా టేపు అబద్ధమాడుతుందండీ. ఒప్పుకుంటాను. కానీ అది పదకొండు మెట్లకూ ఒకే అబద్ధం చెప్పింది. నాలుగో మెట్టు మీద దానికేం పగ లేదు. పది మెట్లు ఒక్కటై ఆ ఒక్కటి తేడాగా వచ్చిందంటే, ఆ తేడా టేపులో లేదు, మెట్టులోనే ఉంది. ఇది చెప్పడానికి మంచి టేపు అక్కర్లేదండీ, తాడైనా చాలు."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. పెద్దాయన స్టీలు టేపును చప్పుడు కాకుండా చుట్టుకుని జేబులో వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "టేపు సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా. దాని అంచు మెరుపు చూసి కనిపెట్టాను" అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేట్టు. ఆమె మొహంలో ఏం కనిపించి ఆ మాట అన్నాడో.

నెల తర్వాత తీర్పు వచ్చింది. వరండాలో కూర్చుని ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. మెట్టు ఎత్తులో తేడా ఉందన్నది రుజువైంది. విచారణకు ముందే మెట్లు ఎందుకు పడగొట్టించారో ఓనరు చెప్పలేకపోయాడు. పరిహారం ఇవ్వాల్సిందే. కాకపోతే మూట మొహానికి అడ్డంగా ఉండటంలో ఆమె తప్పు కూడా ఉంది కాబట్టి నాలుగో వంతు కోత. కోత ఎందుకు పెట్టారని ఒంటికాలి మీద లేస్తుందేమోనని భర్త భయపడ్డాడు. "మూట మాట నిజమే" అంది ఆమె. ఆపరేషన్‌కు సరిపోతుంది. ఏడాదికి ఇంకా ఐదు వారాలుంది. ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి ఏడ్చింది.

కోర్టు నాటి నుంచి చెల్లెలు పనికి కావలసినంత మాత్రమే మాట్లాడుతోంది. గుండీలెన్ని, లైనింగ్ కావాలా, తలుపేసి వెళ్ళనా. కత్తెరక్కకు సిగ్గుగా ఉంది. కానీ తప్పయిందని చెప్పడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు, ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదనుకునేది. ఆస్పత్రికి వెళ్ళే రోజు పొద్దున్నే చెల్లెలు అడగకుండానే సంచి సర్దుకుని వచ్చి నిలబడింది.

వార్డులో మంచం మీద కూర్చున్నాక అక్క నోరు విప్పింది. "నిన్ను అనుమానించాను. బొత్తం కుట్టిన రోజు నుంచి."

"తెలుసు."

"మరి అడగలేదేం?"

చెల్లెలు దుప్పటి మడత సరిచేసింది. "అందర్నీ కొలిచినట్టే నన్నూ కొలిచావు కదక్కా. బేకరీ రొట్టెనీ, లాయర్నీ, నన్నూ ఒకే టేపుతో. కోర్టులో అది న్యాయమే. ఇంట్లో అదే నాకు కష్టమనిపించింది."

అప్పుడే నర్సు హడావుడిగా వచ్చి రెండు పేజీల కాగితం ఒళ్ళో పెట్టింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయాలట. కత్తెరక్క కళ్ళజోడు కోసం తడుముకుంది. దొరికింది. పెట్టుకోబోయి ఆగింది. కాగితాన్ని చెల్లెలి చేతికిచ్చింది.

చెల్లెలు అక్క నేర్పినట్టే, గీతగీతకూ వేలు పెట్టి, చివరిదాకా చదివింది. "సరిగ్గానే ఉంది" అంది.

కత్తెరక్క కలం తీసుకుని, ఎడంచేత్తో, వంకరటింకరగా సంతకం పెట్టేసింది. ఒక్క అక్షరం చదవలేదు. నర్సుకు ఇందులో వింతేమీ కనబడక కాగితం లాక్కుని వెళ్ళిపోయింది. చెల్లెలు మాత్రం కొంగొత్త మనిషిని చూసినట్టు అక్కను చూస్తూ ఉండిపోయింది.

గుణం ఒక్కరోజులో మారుతుందా? బండి మీద తీసుకెళ్తుంటే ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఆపించింది. "ఏమే, లోపల కుట్టు వేసేముందు వాళ్ళ కత్తెరలు లెక్కపెట్టించు. ఒక్కటి మర్చిపోయినా నా ఒంట్లోనే ఉండిపోతుంది" అంది.

"అలాగే అక్కా."

మధ్యాహ్నానికి ఆమెకు తెలివొచ్చింది. కుడిచెయ్యి తెల్లటి కట్టులో దిండు మీద ఉంది. పక్కన కుర్చీలో చెల్లెలు. కత్తెరక్క పెదవులు తడుపుకుని మొదట అడిగిన మాట అదే. "లెక్కపెట్టించావా?"

"పెట్టించాను. అన్నీ సరిపోయాయి."

ఆపరేషన్ గదిలోకి బయటి మనుషుల్ని రానివ్వరు. గుమ్మం మీద అంతంత అక్షరాలతో రాసి ఉంది. ఆ సంగతి చెల్లెలికి తెలుసు, కత్తెరక్కకూ తెలుసు. అయినా ఆమె "మంచిది" అని కళ్ళు మూసుకుంది, ఇంకో ప్రశ్న వేయలేదు.